గోడ మీద గాజుముక్క

ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. మెడలో టేపు, చేతిలో సున్నపు డబ్బా. డాక్టరు రోగి వీపు తట్టినట్టు గోడంతా తట్టి, బీట మీద అడ్డంగా ఒక గాజుముక్క అతికించి, పక్కన తేదీ వేసి, అమల వైపు ఓరగా చూసి వెళ్ళిపోయాడు.

అమలకు ఒళ్ళు మండింది. వన్ టౌన్‌లో ఆ పాతిల్లు పోతే మేనత్త తెరేసమ్మ కుట్టు మిషన్లకు చోటుండదు, తనకు నీడుండదు. నిరుడు పక్క సందులో ఒకింటికి ఇలాగే గుర్తులు పెట్టారు. నెల తిరక్కుండా అక్కడ గోడౌను లేచింది.

అతను వీధి సంఘం మనిషినని, పేరు జాన్‌బాబు అని చెప్పుకున్నాడు. సంఘం వాళ్ళు పాత ఇళ్ళు నిలబెడతామంటారు. ఎదుటి చెత్తదిబ్బ తీయించి మొక్కలు, బెంచీలు వేయిస్తామంటారు. చెత్త తీసిన మాట నిజమే. కానీ జాగా శుభ్రపడితే ముందు కన్ను పడేది గోడౌన్ల వాళ్ళకే కదా.

ఒకసారి నిలదీసింది. "ఆ ముక్క ఎందుకండీ?"

అతనికి చెమటలు పట్టాయి. "చెక్ చేయడానికండీ." అంటూనే డబ్బా అందుకుని నడిచాడు.

ఏ పాపమూ ఎరగనివాడికి చెమటలెందుకు? అతను మలుపు తిరగ్గానే కత్తెర పిడితో ఒక్క పోటు పొడిచింది. గాజు పుటుక్కుమంది. అతను మళ్ళీ అతికించాడు, ఆమె మళ్ళీ పొడిచింది. వానలు పట్టుకున్నా ఈ తంతు ఆగలేదు. అతని మొహం మాత్రం నానాటికీ వాడిపోయింది. అదీ నటనే అనుకుంది అమల.

ఆదివారం అమల, తెరేసమ్మ చర్చి నుంచి వచ్చేసరికి సంఘం పెద్ద బసవపున్నయ్య అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి ఉన్నాడు. జాన్‌బాబు తల వంచుకుని చెప్పాడు.

"గోడ కదిలితే గాజు పగుల్తుందండీ. అదే పరీక్ష. పెట్టిందల్లా పగిలింది. నిలబెడదామనే వచ్చాను గానీ, ఇక కూల్చక తప్పదు."

తెరేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కదిలింది గోడ కాదండీ, నా కత్తెర," అంది అమల. ఆ మాట ఆమెకే సరిగా వినపడలేదు.

జాన్‌బాబు తలెత్తాడు. "అన్నీ మీరేనా?"

"అన్నీ నేనే. మీరు గోడౌన్ల వాళ్ళ మనిషనుకున్నా. అడిగితే చెమటలు పట్టాయి మీకు."

"అది గోడ గురించి కాదండీ," అన్నాడతను మెల్లగా.

బసవపున్నయ్యకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

కొత్త గాజును అమల తన చేత్తోనే అతికించింది. వానలు వెళ్ళేదాకా రోజూ చూడాలన్నాడు జాన్‌బాబు, చూశాడు. ఎదుట మొక్కలు చిగిర్చాయి, బెంచీలు పడ్డాయి, గాజు చెక్కు చెదరలేదు. వానలు వెళ్ళిపోయాక కూడా గొడుగు పట్టుకుని వస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు తెరేసమ్మకు అనుమానం పట్టుకుంది. ఒక సాయంత్రం మిషను ఆపి కళ్ళద్దాల మీదుగా చూసింది.

"గోడ కదలట్లేదని తేలింది గదా నాయనా. మరి నువ్వు కదలవేం?" అంది. సూదికి దారం ఎక్కిస్తూ, "ఆదివారం మీ అమ్మగార్ని తీసుకురా. కూర్చోడానికి బెంచీలున్నాయిగా," అంది.

జాన్‌బాబుకు మళ్ళీ చెమటలు పట్టాయి. ఈసారి అమల అనుమానపడలేదు.