పిలవని ఎడ్లజత

చిలోయే దీవి అడవుల్లో ట్రౌకో అనే మరుగుజ్జు తిరుగుతుంటాడు. చేతిలో రాతి గొడ్డలి, చూడలేనంత వికారమైన మొహం. అయినా వాడి చూపు పడితే ఏ పిల్లయినా వెంట నడవాల్సిందే. మిరేయా నోట ఈ కథ వినని టూరిస్టు లేడు.

గట్టు మీద సముద్రానికి ఎదురుగా ఉన్న చెక్క ఇంటిని ఆమె కుటుంబం వేసవి సెలవులకు అద్దెకిచ్చేది. ఆ రోజు రాజధాని సాంతియాగో నుంచి దిగినవాళ్ళకు పొదల్లో గొడ్డలి చప్పుడు వినబడింది. అదిగో ట్రౌకో, అంది మిరేయా. వాళ్ళు ఫోన్లు పట్టుకుని వెళితే, కట్టెలు కొడుతున్న పక్కింటి ఎలాదియో దొరికాడు. ఎడాపెడా ఫోటోలు తీశారు.

అతను గొడ్డలితోనే వచ్చి నిలదీశాడు. "నన్ను చూపించి మరుగుజ్జంటావా?"

"తప్పేలే," అంది మిరేయా. "ట్రౌకోని చూస్తే ఆడపిల్లలు చూపు తిప్పుకోలేరంట. నీకంత సీన్ లేదు."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ పెదవినే చూస్తున్నందుకు అతనికి తన మీద తనకే కోపం వచ్చింది. అబద్ధాలు అమ్ముకుని బతికే ఇల్లు, అనేసి వెళ్ళిపోయాడు.

అనకూడని మాట. ఆ పిల్ల కథ చెబుతుంటే ముసలి జాలర్లు కూడా వలలు పక్కన పెట్టి వినేవారు. కంచె అవతల నిలబడి అతనూ విన్నవాడే.

చలికాలం వానలకు గట్టు కోసుకుపోయి ఇల్లు అంచుకొచ్చింది. ఆ దీవిలో అలాంటి ఇంటిని విప్పరు. కింద దుంగలు పెట్టి, ఎడ్లు కట్టి, ఊరంతా కలిసి గట్టుకు దూరంగా లోపలికి లాగుతారు. దానికి ఇంటివాళ్ళు గడపగడపకూ వచ్చి సాయం అడగాలి. అడిగితే కాదనకూడదు. అడగకపోతే వెళ్ళకూడదు.

మిరేయా వానలో తడుస్తూ బయలుదేరింది. ఎలాదియో ఎడ్లను కడిగి, కాడి తోళ్ళకు నూనె రాసి కూర్చున్నాడు. అడగడానికి వస్తే క్షమించమందామనుకున్నాడు. ఆమె అతని గేటు దాటి పై ఇంటికి వెళ్ళిపోయింది. తలైనా తిప్పలేదు. ఆ మాటతో అంతా తెగిపోయిందనుకున్నాడు.

లాగే రోజు అదిలింపులు అతని ఇంటిదాకా వినబడ్డాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇల్లు బురదలో దిగబడి ఉంటుంది. పరువు పోతే పోనీ అనుకుని ఎడ్లను తోలుకెళ్ళాడు.

ఊరంతా తిరిగి చూసింది. మిరేయా తండ్రి దోన్ ఆర్తెమియో పక్కకు జరిగి దారిచ్చాడు. ముందు వరసలో ఏ ఎడ్లకూ కట్టకుండా వదిలిన తాడు చూపించాడు.

మోకాళ్ళ దాకా బురదతో మిరేయా ఎదురొచ్చింది. "ఇప్పుడా రావడం?"

"అందరినీ అడిగావు. నన్నడగలేదు."

"అడిగేది బయటివాళ్ళని." తాడు అతని చేతిలో పెట్టింది. "ఇంటి మనిషిని ఎవరైనా అడుగుతారా?"

"ఆ రోజు నేనన్న మాట..."

"ముందు ఇల్లు లాగు."

అతను తాడు కాడికి కట్టి ఎడ్లను అదిలించాడు. ఇల్లు కదిలింది.