చిత్రావతికి చేరని కాళి

“ఏట్లో నీళ్లు లేకుంటే బొమ్మను పెట్టెలోనే ఉండనీయాల. పోయి లింగప్ప చేతికిస్తావా?” మారెక్క మొగుణ్ణి మూడోసారి అడిగింది.

“మంత్రం చదివి సాగనంపుతా అన్నాడు మే. చిత్రావతిలో నీళ్లు పారి మూడేండ్లాయ. చినిగిన బొమ్మను యాడ ఇడిసేది?” అన్నాడు ఓబుళేసు.

“ఆయప్ప పుర్రెలో గంజి తాగే మనిషి. నీకు మాత్రం పూజారి మాదిరి కనపడినాడు.”

పాతబడిన తోలుబొమ్మకు సాగనంపే పాట పాడి, కళ్లు చెరిపి, ఏటిలో వదలడం బొమ్మలాట ఆడే ఆ ఇంటి ఆచారం. కళ్లు చెరపని కాళి బొమ్మ ఇప్పుడు క్షుద్రోపాసకుడైన లింగప్ప వశమైంది. నూరేళ్ల పాటలు విన్న బొమ్మ... దానికొక ఆడపిల్ల గొంతు కలిస్తే వాడికిక ఎదురులేదు!

ఆ మధ్యాహ్నమే విశ్వవిద్యాలయంలో ఏటేటా జరిగే కళల పండుగ. అక్కడ చదివే కూతురు జయంతి తొలిసారి బొమ్మలాడించబోతోంది.

సరిగ్గా పన్నెండు గంటలు... బయట వాన లేని ఉరుము. చీకటి చేసిన హాలులో, తెల్లటి తెర వెనుక దీపం వెలిగింది. తల్లిదండ్రుల పక్కన నిలబడి జయంతి నోరు తెరిచింది. పాట రాలేదు. ఎండిన బావి అడుగు నుంచి వచ్చినట్టు ఒక మగగొంతు భీకరంగా గర్జించింది! ఆమె మెడనరాలు నల్లగా ఉబ్బాయి, కళ్లు తేలిపోయాయి. నటన అనుకుని విద్యార్థులు చప్పట్లు కొట్టారు.

మారెక్క తెర అంచు పక్కకు లాగి చూసింది. ముందు వరుసలో లింగప్ప! ఒడిలో కాళి బొమ్మ. దాని గొంతులో తుమ్మముల్లు.

“బొమ్మ ఇయ్యప్పా,” అంది దగ్గరకు వెళ్లి.

“నీ బిడ్డ గొంతు నాదైపోయె. ఇంగొక ముల్లు గుచ్చితే పానం గూడా నాదే.”

ఆమె బొమ్మను లాగేసుకుంది. ఏరు లేదు. పక్కనున్న పిల్ల చేతిలోని నీళ్ల సీసా అందుకుంది. సాగనంపే పాట ఎత్తుకుని, బొమ్మ కళ్ల మీద నీళ్లు పోసింది. ఏరే కావాలని ఇన్నాళ్లూ అనుకున్నారు... అమ్మవారికి ఆ గుక్కెడు చాలింది!

రంగు కరిగింది. ఎవరూ ఆడించకుండానే తెర మీద కాళి నీడ లేచి, హాలంతా పరుచుకుని, ముందుకు వంగింది. లింగప్ప కళ్లు నల్లటి సిరాలా కారిపోయాయి. ఎండకు ఆరేసిన తోలులా ముడుచుకుపోతూ అరిచాడు. అరుపు ఆగేసరికి కుర్చీలో పిడికెడు బూడిద మిగిలింది.

జయంతి తల్లి ఒడిలో కళ్లు తెరిచింది. అమ్మా అనబోయింది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు.

వారం రోజులు మందులు, మొక్కులు. గొంతు తిరిగి రాలేదు. ఎనిమిదో రోజు అందరూ సంగటి ముందు కూర్చున్నప్పుడు, ఓబుళేసు వైపు గానీ అత్త సుంకమ్మ వైపు గానీ అనుమతి కోసం చూడకుండా మారెక్క మెల్లగా అంది:

“వచ్చే ఏడు పండగకు జయంతి ఆడిస్తాది. దాని గొంతు నేను.”