నల్లాకుల పుస్తకం, దుర్గవ్వ నోరు

దుర్గవ్వకు మర్యాద తెలియదు. కోడలు గంగామణి ఈ ఫిర్యాదును పన్నెండేళ్లుగా చీరల మూటతో పాటే మోస్తోంది. గడప దాటే మనిషిని ఊళ్లో ఎవరూ "పో" అనరు. పో అంటే ఇక రావద్దని. పగవాడినైనా "పోయి రా" అనే సాగనంపుతారు. దుర్గవ్వ మాత్రం పాలవాడినీ, పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లనీ, దుబాయి విమానమెక్కబోయే కన్నకొడుకునీ ఒకే మాటతో పంపింది: "పో."

కోడలికి సరే సరి. రోజూ అదే దీవెన.

ఎల్లారెడ్డిలో గంగామణి వాయిదాల మీద చీరలమ్మే మనిషి. ఢిల్లీలో, పేరులేని ఒక ఆఫీసు ఫైళ్లలో మాత్రం ఏజెంట్ జరీ. పుస్తెల్లో మైకు, మెట్టెలో మత్తు సూది.

2011. సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, బడుల్లేవు. కామారెడ్డిలో షట్టర్ దించిన ఒక రైస్‌మిల్లులో చీఫ్ దేవీసింగ్ గంగామణి ముందు గోనెపట్టా ఎత్తాడు. కింద గంగారాం. ముప్పై ఏళ్లుగా డిపార్ట్‌మెంట్ తరఫున ఒక పుస్తకానికి కాపలా కాసిన మనిషి. ఇప్పుడు లోపలిది బయటికి తిప్పేసిన సంచిలా ఉన్నాడు. అతన్ని బెదిరించి పుస్తకం తెరిపించిన ముగ్గురు విదేశీయులు గోడకు అతుక్కుని ఉన్నారు. ముగ్గురని బూట్లను బట్టి తెలిసింది.

"డీప్‌కాల్ ముఠా," అన్నాడు దేవీసింగ్. "లీడర్ ఫెల్నర్ ఇంక దొరకలే. టార్గెట్ ఇది."

నల్లటి ఆకుల పుస్తకం. అట్ట తోలులా ఉంది కానీ తోలు కాదు. ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా తగిలింది.

"ఏడు వాక్యాలు సదివితే అడుగున ఉన్నది లేస్తది."

"దేని అడుగున సార్?"

"అన్నిటి అడుగున."

"మరి వెనక్కి పంపుడెట్ల?"

"ఆజ్ఞ ఇయ్యాలె. ఏ భాషల చెప్పినా తెలుస్తది దానికి. అన్న మాట అన్నట్టే చేస్తది."

"గంగారాం అన్న చెప్పలేదా?"

దేవీసింగ్ రక్తం తుడిచిన సెల్‌ఫోన్‌లో వీడియో చూపించాడు. గంగారాం చేతులు జోడించి ఏదో అన్నాడు. అరుపుల్లో మాట వినబడలేదు. పేజీ మీది చీకటి వెనక్కి పోయింది. క్షణంలో రెండింతలై తిరిగొచ్చింది. అంతే.

"చెప్పిండు, పోయింది, మళ్లొచ్చింది. ల్యాబోళ్లకు సమజైతలేదు. నువ్వు ఇంట్ల దాచు. కొరియర్ అక్కడికే వస్తది. కోడ్ యాదుంది కదా?"

టీవీఎస్ బండి వెనక చీరల మూట, మూటలో పుస్తకం. లింగంపేట దాటుతుంటే రోడ్డుకు రెండు పక్కలా మక్కచేన్లు గాలి లేకుండానే ఆమెకు దూరంగా వంగాయి.

ఇంట్లో దుర్గవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. గంగామణి పుస్తకాన్ని తునికాకు గంపలో తోసింది.

"అదేందే?"

"చీరల క్యాటలాగు అత్తమ్మా."

"చచ్చిన చేపల వాసనొస్తుంది. అందుకే నీ చీరలెవ్వరు కొంటలేరు."

పొద్దు వాలకముందే కొరియర్ వచ్చింది. సిల్కు కుర్తా, నల్లకళ్లద్దాలు, వీధి చివరిదాకా సెంటు. ప్రియాంక. డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే అందగత్తె, అందరికంటే ఎక్కువ పతకాలున్నది.

"పోచారం అలుగు పారుతున్నదా?"

"నిన్నటి సంది పారుతున్నది," అని గంగామణి గంపలోంచి పుస్తకం తీసింది.

టప్. ప్రియాంక చేతిలో సైలెన్సర్ తుపాకీ. గంగామణి భుజం చీరుకుపోయింది. ప్రియాంక వెనక, వంగి గడప దాటుతూ ఫెల్నర్.

"సారీ డియర్," అంది ప్రియాంక. "వాళ్లు బాగా ఇస్తరు."

"చెప్పులతోనే ఇంట్లకొస్తున్నరేందే!" దుర్గవ్వ గుడ్లురిమింది.

గంగామణి కింద పడుతూనే కాలు విసిరింది. మెట్టెలోని సూది ఫెల్నర్ బూటుకు తగిలి విరిగింది. బూట్ల సంగతి ల్యాబువాళ్లు ఆలోచించలేదు. అతను పిస్తోలు పిడితో ఆమె మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి చాటలో పడింది. అతను పుస్తకం అందుకోబోతే దుర్గవ్వ ఆకు కత్తిరించే కత్తెరను అతని అరచేతిలో దించింది. ప్రియాంక ముసలామె జుట్టు పట్టి కణతకు గురిపెట్టింది.

"కదిలితే మీ అత్త ఉండదు."

గంగామణి కదల్లేదు. ఇంతకాలం తిట్టుకున్న ఆ ముసలి ముఖం తప్ప ఆమెకు ఇంకేమీ కనబడలేదు.

ఫెల్నర్ కత్తెర పీకేసి, పేజీల మీద రక్తం కారుస్తూ ఏడు వాక్యాలూ చదివాడు.

పుస్తకం ఊపిరి తీసుకుంది. పేజీలోంచి నీళ్లు, నీళ్లలోంచి చెయ్యిలాంటిది, చెయ్యంతా కళ్లు. ఫెల్నర్ నవ్వుతూ చేతులు చాచాడు. నవ్వు ముఖం మీద ఉండగానే నడుము విరిగింది, మడత మీద మడత పడి పేజీలోకి పోయాడు. ప్రియాంక దుర్గవ్వను వదిలేసి తుపాకీ మొత్తం ఖాళీ చేసింది. బుల్లెట్లు శబ్దం లేకుండా ఆ కళ్లలో మునిగాయి. తర్వాత ఆమె కూడా. నల్లకళ్లద్దాలు మాత్రం మిగిలాయి.

అది దుర్గవ్వ వైపు తిరిగింది.

ఆజ్ఞ! గంగామణి రక్తం ఉమ్మి అరిచింది. "పోయి రా!"

పోయింది. వెంటనే వచ్చింది. ఈసారి దూలాలు విరిగాయి, పెంకులు రాలాయి. ఒక చెయ్యి గంగామణి మెడకు చుట్టుకుని పైకి లేపింది.

అప్పుడు గుర్తొచ్చాయి గంగారాం జోడించిన చేతులు. పాపం, మర్యాదస్తుడు. చావు ముందర నిలబడి కూడా "పోయి రా" అన్నాడు. పొమ్మన్నాడు, రమ్మన్నాడు. అన్న మాట అన్నట్టే చేసింది. కానీ ఇప్పుడు గంగామణికి గొంతు పెగలడం లేదు. కళ్ల ముందు ఎరుపు నలుపుగా మారుతోంది.

దుర్గవ్వ గంప వంక చూసింది. వారం రోజుల ఆకు బురదలో తేలుతోంది. కోడలి వంక చూసింది. కాళ్లు గాల్లో కొట్టుకుంటున్నాయి.

"ఓ గబ్బుదానా! నా ఆకంత నాశనం జేసినవ్. నా కోడల్ని ఇడువు. పో!"

కళ్లన్నీ ఒక్కసారి మూసుకున్నాయి. ఇంటినిండా ఉన్న నీళ్లు వెనక్కి గుంజుకుపోయాయి. పుస్తకం చప్పున మూతపడింది. అది మళ్లీ రాలేదు.

దేవీసింగ్ జీపు అన్నీ అయ్యాకే వచ్చింది. పుస్తకాన్ని స్టీలు పెట్టెలో పెట్టి, భుజానికి కట్టు కట్టిన గంగామణి ఒళ్లో ఉంచారు. కామారెడ్డి ఆస్పత్రికి బయల్దేరాలి.

దుర్గవ్వ జీపు దగ్గరికి వచ్చింది. కొంగుతో ముక్కు చీదింది.

"గంగా... తప్పు నాదే బిడ్డా. ఇన్నేండ్ల సంది నిన్ను ఒక్కపారన్న మంచిగ సాగనంపలే. ఇయ్యాల నోరారా అంట. పోయి—"

పెట్టెలో ఏదో కదిలింది. గంగామణి మంచి చెయ్యి చాచి అత్త నోరు గట్టిగా మూసింది.

"ఇయ్యాలొద్దు అత్తమ్మా! నీ కాళ్లు మొక్కుత. ఎప్పటిలెక్కనే అను."

దుర్గవ్వ కళ్లు తుడుచుకుంది. కోడలి చెంప నిమిరింది. పన్నెండేళ్లలో మొదటిసారి, ఎంతో ప్రేమగా అంది:

"పో."