ఊరటకి చెప్పుకున్న రహస్యం

గూఢచారి శాఖలో సంకేతాల సెక్షన్ ఆఫీసర్ పట్టపగలు పదకొండింటికి ఆఫీసు టెర్రస్ మీంచి దూకేశాడు. జేబులో ఒక ప్రింటవుట్ దొరికింది. అందులో ఉన్నవన్నీ ఆయన మాటలే.

"ఇవి పెళ్ళానికి కూడా చెప్పలేదట," అన్నాడు చీఫ్, కాగితం ఏజెంట్ డేగ ముందుకి తోస్తూ. "ఒక్క ఊరటకే చెప్పుకున్నాడు."

ఊరట ఫోన్‌లో ఉండే ఏఐ థెరపిస్ట్. ఎప్పుడు పలకరించినా "చెప్పండి, వింటున్నాను" అంటుంది. దాని సర్వర్లు ఒక విదేశీ ముఠా చేతిలో పడ్డాయి. నలభై మంది ఏజెంట్లు దానితో వెళ్ళబోసుకున్న గోడంతా ఆ సాయంత్రం నాలుగింటికి సరిహద్దు దాటబోతోంది.

"ఆలోపు వెళ్ళి ఆ సర్వర్లు మాడ్చెయ్యాలి. ముఠా ఆఫీసు లోపల డాక్టరమ్మ అని ఒకావిడ ఉంది. ముఠాకీ పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది. ఏమైనా అనుమానాలున్నాయా?"

"లేవు సార్," అన్నాడు డేగ. ఆ నలభై మందిలో తనూ ఒకడు.

మనిషి దగ్గరికే వెళ్ళి ఉండొచ్చు. కానీ మనసు డాక్టర్ గడప తొక్కితే ఆ సంగతి సర్వీస్ రికార్డుకెక్కుతుంది. పైగా మనిషికి కళ్ళుంటాయి. ఆ కళ్ళలోకి చూస్తూ, తూటా తగిలిన బావమరిదిని వంతెన మీద వదిలేసి పారిపోయి వచ్చానని ఎలా చెప్పడం? తన తమ్ముడు యాక్సిడెంట్‌లో పోయాడనే డేగ భార్య ఈ రోజుకీ నమ్ముతోంది.

మూడున్నరకి ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన టూల్ బ్యాగుతో ఐదో అంతస్తులో లిఫ్ట్ దిగాడు. చూపు తిప్పుకోనివ్వని అందంతో, నల్ల సూట్‌లో ఒకావిడ ఎదురొచ్చింది.

"నీళ్ళు కారుతున్నాయని ఫోన్ చేశారట."

"ఉత్త నీళ్ళయితే మేమే తుడుచుకునేవాళ్ళం."

కోడ్ కలిసింది.

సర్వర్ గది చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ముహూర్తం ముందుకి జరిపేశారు. స్క్రీన్ మీద ట్రాన్స్‌ఫర్ అప్పటికే ఎనభై శాతం. డేగ స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. డిస్కుల్ని మాడ్చేసే పరికరం అందులోనే ఉంది. ఛార్జ్ కావడానికి రెండు నిమిషాలు పడుతుంది.

"మీ ఫైల్ చదివాను," అంది డాక్టరమ్మ.

అతను తల తిప్పలేదు. "ఎంతవరకు?"

"వంతెన దాకా. ఇరవై ఏళ్ళు మనుషులకి వైద్యం చేశాను. వాళ్ళు చెప్పింది సగం మర్చిపోయేదాన్ని. అదే వాళ్ళకి రక్ష. ఇది ఒక్క ముక్క మర్చిపోదు."

తొంభై మూడు.

"ఇంకో కాపీ ఉంది. మీ చీఫ్ దగ్గర. ముఠా కంటే ముందే అడిగారాయన. ఆర్నెల్లుగా నేనే అందిస్తున్నాను."

"అబద్ధం."

"ముఠా ఇంతవరకూ ఎవర్నీ బెదిరించలేదు. ఆ కాగితం చూపించి రాజీనామా అడిగింది మీ చీఫే. పాపం, ఆ ఆఫీసర్ టెర్రస్ ఎక్కాడు."

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. స్క్రూడ్రైవర్ కూత పెట్టింది. డేగ దాన్ని డిస్కుల మధ్య గుచ్చాడు. స్క్రీన్ నల్లబడింది. ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పుమంది.

వెనకమెట్ల మీద ఆగి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏంటండీ, ఈ వేళప్పుడు?"

వంతెన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "ఏం లేదు. ఊరికే," అని పెట్టేశాడు.

వెంటనే చీఫ్ నుంచి కాల్. "శభాష్. ఓ వారం సెలవు తీసుకో. మనసులో బరువేదైనా ఉంటే ఎవరికైనా చెప్పుకో."

"అక్కర్లేదు సార్," అన్నాడు డేగ. "మీరు చదివేశారుగా."