నూట పద్దెనిమిదో క్వార్టరు, నలభై సెకన్లు

నా చేతిలో ఆరువందల నలభై రూపాయలు పోగయ్యే నాటికి, నూట పద్దెనిమిదో క్వార్టరులో దెయ్యం మూడేళ్లుగా అద్దె లేకుండా కాపురం చేస్తోంది.

ఆ డబ్బుతో నేను పాత రష్యా కెమెరా కొన్నాను.

రైల్వే వ్యాగన్లు బాగుచేసే వాళ్లుండే మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆ దెయ్యం పేరు దాలమ్మ. ఒక ఫిట్టరు భార్య. పెరటి కుళాయి దగ్గర జారిపడి పోయింది. చీకటి పడితే ఆ కుళాయి దానంతటదే తిరుగుతుందట... నీళ్ల చప్పుడు వినిపిస్తుందట. పగలంతా వ్యాగన్ల కింద దూరి పనిచేసే మగాళ్లు, రాత్రి ఎనిమిది దాటితే ఆ వెనక సందు తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవారు. నాకు నవ్వొచ్చేది.

ఈ ఎనభై ఏడు ఏప్రిల్లో ఆ క్వార్టరు మా నాన్నకే అలాటయింది. ఐదుగురం ఒకే గదిలో ఉంటున్నాం. సోమవారంలోగా చాబీ తీసుకోకపోతే పేరు లిస్టు అడుక్కి పోతుంది — మళ్లీ నాలుగేళ్లు.

"ప్లాట్‌ఫారం మీదైనా పడుకుంటాను గానీ అందులో అడుగు పెట్టను," అంది అమ్మ.

"దెయ్యం లేదని ఫోటో తీసి చూపిస్తే?"

"తియ్యి. చూద్దాం."

కెమెరాలో వెలుగు కొలిచే మీటరు చచ్చింది. మొదటి రోలంతా వీధి దీపానికి ఖర్చుపెట్టి నేర్చుకున్నాను. లెన్సు కన్నం, అదే ఎపర్చరు, ఎనిమిది మీద పెట్టి షట్టరు ఐదు సెకన్లు తెరిస్తే నలుపు, పదికి మసక, ఇరవైకి ఆకారం, నలభైకి ఇటుకలతో సహా. అంకెలు అబద్ధమాడవు. కాలనీ ఆడుతుంది.

శుక్రవారం రాత్రి తొమ్మిదికి వెనక సందులో స్టాండు వేసి, పెరటి తలుపుకు గురిపెట్టి షట్టరు తెరిచాను. వాచీ ముల్లు కనపడక సందు చివరి దీపం కిందికి వెళ్లి, వాచీ మీదే కన్నుంచి నలభై లెక్కపెట్టుకొచ్చి మూశాను.

శనివారం ప్రింటు వచ్చింది.

తలుపు ముందు... తెల్లటి ఆకారం. దాని ఒంట్లోంచి తలుపు చెక్కలు కనిపిస్తున్నాయి.

అమ్మ ప్రింటును బోర్లా తిప్పేసింది. "ఇక చాలురా."

నేను మళ్లీ వెల్లకిలా తిప్పి చూశాను. తర్వాత లెక్క వేశాను. ఆకారం నాలుగో వంతే పడింది. అంటే నలభై సెకన్లలో పది సెకన్లు నిలబడి వెళ్లిపోయిన మనిషి. మెట్టు మీద బకెట్టు మాత్రం గట్టిగా పడింది, నలభై సెకన్లూ అక్కడే ఉంది గనక. దాని హ్యాండిలుకు కరెంటు వైరు చుట్టి ఉంది.

దెయ్యం బకెట్టు మోయదు. పక్కింటి జోగయ్య మామ మోస్తాడు, ఆ వైరు చుట్టిన బకెట్టు ఆయనదే. ఎండాకాలం కాలనీ అంతా ఎండినా పల్లంలో ఉన్న ఆ కుళాయికి నీళ్లొస్తాయి. దాలమ్మ కథ అందరికంటే భయంగా చెప్పేదీ ఆయనే.

ప్రింటు తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను.

"మామా, దెయ్యానికి మీ పంచె బాగా నప్పింది."

ఆయన నవ్వలేదు. సందు వైపు ఒకసారి చూశాడు.

"మెల్లగా బాబూ... నీల్లకెల్తాను, నిజవే. బకెట్టు మెట్టు మీద ఎట్టి వొచ్చేస్తాను. నిన్న మల్లీ ఎల్లి సూస్తే ఇంకా నిండలేదు. తిరిగొచ్చేసినాను."

"మరి కుళాయి తిప్పేదెవరు?"

"తరవాతెల్తే నిండుంటాది," అన్నాడు. "ఎవరని నానెప్పుడూ అడగలేదు."

మేం ఆ ఇంట్లో దిగితే తన నీళ్లు పోతాయని ముసలాయన కొత్త కథ అల్లుతున్నాడు. అంతే... అంతే అయ్యుండాలి. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు.

ఈ రోజు ఆదివారం. తొమ్మిది కావస్తోంది. జోగయ్య మామ బకెట్టు ఖాళీగా మెట్టు మీదుంది. నేను పెరటి తలుపు గొళ్లెం తీసి లోపల, కుళాయికి ఎదురుగా స్టాండు వేశాను. ఇక్కడ వెలుగు సందులో ఉన్నదాంట్లో నాలుగో వంతు. నలభై ఇంటూ నాలుగు — నూట అరవై సెకన్లు. ఈసారి దీపం కిందికి వెళ్లను. ఇక్కడే నిలబడి, నోటితో లెక్కపెడతాను.

బొటనవేలు షట్టరు తీగ మీద ఉంది. నొక్కగానే, ఒకటి నుంచి మొదలు.