పలకెక్కిన మాట

పొద్దున్నే ప్రెస్సు నుంచి ఆహ్వానపత్రం ప్రూఫు వచ్చింది. రాజరత్నం మాస్టారు కళ్లజోడు తుడుచుకుని పైకే చదువుకున్నారు. ఆదివారం ఆయన పదవీ విరమణ సభ. కార్డు మీద అన్నిటికన్నా పైన, ఏటా బడి తెరిచిన రోజు ఆయన బోర్డు మీద రాసే మాట వేయించారు: ‘పలకెక్కితే భాష, పొలంలో ఉంటే యాస.’ దాని కింద, ఆ మాట నేర్పిన గురువు చంద్రరావుగారి పేరు.

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న తల్లి ఏసమ్మ తలెత్తింది.

"ఒరే అబ్బాయా, మీటింగుకి నేనూ వత్తాన్రా."

"వస్తాను అనాలమ్మా. అయినా వద్దులే. పెద్ద ఆఫీసర్లొస్తున్నారు. నిన్ను స్టేజీ ఎక్కించి రెండు ముక్కలు మాట్లాడమంటారు. ఎందుకొచ్చిన ఇబ్బంది?"

ఏసమ్మ మళ్లీ గింజల్లో పడింది.

మాస్టారి కూతురు వినీల కాఫీ గ్లాసు తెచ్చి పెట్టింది. రాజమండ్రిలో ఎమ్మే తెలుగు చదువుతోంది. నాన్న బోర్డు మీద రాసే ఆ మాట ఎక్కడ పుట్టిందో తన ప్రాజెక్టులో రాయాలని, కొవ్వూరులో ఉన్న చంద్రరావుగారికి నెల క్రితం ఉత్తరం రాసింది. జవాబు నిన్న వచ్చింది.

"నాన్నగారూ, ఇక్కడ పేరు తప్పు పడింది."

"తప్పేంటి? మాస్టారు బోర్డు మీద రాస్తుంటే నా కళ్లతో చూశాను."

"ఆయనకెవరు చెప్పారో వినండి." వినీల ఉత్తరం విప్పింది.

‘అమ్మాయీ, ఆ మాట నాది కాదు. మీ నాన్నని హైస్కూల్లో చేర్చడానికి మీ నాయనమ్మ నాట్ల మధ్యలోంచి బురదకాళ్లతో వచ్చింది. ఆమె నోరు విప్పగానే పిల్లలు నవ్వారు. నువ్వు మాట్లాడకు, బయటుండు అని మీ నాన్న క్లాసులోకి వెళ్లిపోయాడు. అప్పుడు నాతో అంది: పలకెక్కితే బాసండి, పొలంలో ఉంటే యాసండి. మావోణ్ణి పలకెక్కించండి బాబూ, నేను బయటే ఉంటానండి. మర్నాడు బోర్డు మీద రాశాను. ఎవరి మాటో చెప్పకపోవడం నా తప్పు.’

మాస్టారు ప్రూఫు మీది పేరు మళ్లీ చదువుకున్నారు.

"ఆవిడ ఇన్నేళ్లూ బయటే ఉంది నాన్నగారూ," అంది వినీల. "ఆదివారం కూడా బయటేనా?"

ఆయన వచ్చి తల్లి పక్కన కూలబడ్డారు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏం చెప్పన్రా? ఆ మర్నాడు సాయంత్రం పలక మీద రాసుకొచ్చి, మాస్టారి మాటని మురిసిపోతా నాకే చదివి వినిపించావు. నా మాటని తెలిత్తే చెరిపేత్తావేమోనని..."

కళ్లజోడు మళ్లీ తుడుచుకోవాల్సి వచ్చింది. గురువుగారి పేరు కొట్టేసి, పక్కన రాసి, తల్లికి చదివి వినిపించారు: "ఏసమ్మ, నాట్ల కూలీ, మా అమ్మ."

"ఉత్త కూలీ ఏంట్రా? నలభై మంది ముఠాకి మేస్త్రిని! నేను పాటెత్తితేనే నాటు పడేది. సరిగ్గా రాయి."

మాస్టారు బుద్ధిగా దిద్దుకున్నారు. "ఇంకేమైనా తప్పులున్నాయా అమ్మా?"

ఏసమ్మ చింతపండు చేతిని కొంగుకి తుడుచుకుని కొడుకు తల నిమిరింది.

"ఉంటే ఆదివారం చెప్తాలే, మైకులో."