కొన్న గీతలు

"ఈ గీతలు కొనుక్కున్నవా అన్నా?"

కోరుట్లలో ఒక పెళ్లి రిసెప్షన్. ఫంక్షన్ హాల్ వెనక, వాన తగలకుండా కట్టిన టార్పాలిన్ కింద ఆర్కెస్ట్రా వాళ్లు బిర్యానీ కోసం ఎదురుచూస్తున్నారు. వీరేందర్ తన ఎలక్ట్రిక్ గిటార్‌ను అందరికీ కనిపించేలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి వంగి, గిటార్ మీద రంగు లేచిపోయిన చోటును వేలితో తడిమి చూస్తోంది. సిరిసిల్ల నుంచి వచ్చిన రెండో గిటార్. పేరు శైలజ. అతనికి అంతవరకే తెలుసు.

"ఇది రీఇష్యూ," అన్నాడు వీరేందర్ కాస్త గర్వంగా. "అరవై ఏండ్ల కిందటి మోడల్‌ను కంపెనీయే మళ్ల అచ్చం గట్లనే చేసింది. గప్పటి రంగు, గప్పటి మెడ. వాడినట్టు కనవడాలె అని గీతలు సుత ఫ్యాక్టరీలనే పెడ్తరు."

"అంటే సచ్చినాయిన మళ్ల పుట్టిండన్నట్టు. అదీ గాయాలతోనే పుట్టిండు."

డ్రమ్ములు వాయించే యాదగిరి తాగుతున్న నీళ్లు ముక్కులోంచి వచ్చేదాకా నవ్వాడు.

"నీదేందో మరి? చూపెట్టు," అన్నాడు వీరేందర్, చెవులు వేడెక్కుతుండగా.

ఆమె తన గిటార్‌కు చుట్టిన తెల్లబట్ట విప్పింది. గోధుమ రంగు వెలిసి ఎండిన తుమ్మబంకలా అయింది. తల మీద కంపెనీ పేరును ఎవరో ఎప్పుడో గీకేశారు. వెనక్కి తిప్పితే నడుము బెల్టు రాసుకుని పడిన గీతలు, ఒకదాని మీద ఒకటి, చూపు ఆగిపోయేంత ఒత్తుగా ఉన్నాయి.

"జపాన్‌ది. డెబ్బైలల్ల చేసిండ్రట. అమెరికా గిటార్‌కు కాపీ."

"అగో, కాపీ!"

"కాపీయే. గీతలు మాత్రం మా బాపుయి."

ఆ సాయంత్రం స్టేజీ మీద ఆమె గిటార్ మోగినప్పుడు ఆ స్వరంలో కొంచెం బొంగురు, కొంచెం వెలుగు వినిపించాయి. ఎవరో పక్క గదిలోంచి పేరు పెట్టి పిలుస్తున్నట్టు. అతను వాయించాల్సిన చోట చెయ్యి ఆపేసి విన్నాడు. ఆమె పక్కకు తిరిగి, కనుబొమ్మ ఎగరేసి, "వాయించు" అన్నట్టు చూసింది. ఆ చూపుతో పాటు వాన కూడా పెద్దదయింది. జగిత్యాల పోయే బస్సులో అతనికి ఆ రెండే గుర్తున్నాయి.

జగిత్యాలలో వీరేందర్‌ది మోటర్ వైండింగ్ షాపు. రైతుల బావి మోటర్లు కాలిపోతే రాగి తీగ మళ్లీ చుట్టి ఇస్తాడు. అతని తండ్రి సత్తయ్య అతని చిన్నప్పుడే మస్కట్ వెళ్లాడు. అక్కడి నుంచి పంపిన ప్రతి వస్తువూ ప్లాస్టిక్ కవర్‌తోనే వచ్చేది. మిక్సీ, దుప్పటి, గోడ గడియారం, అన్నీ కొత్తవే. తండ్రి చేతి మరక ఉన్న వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. పాతబడిన వాటి మీద తనకు ఎందుకంత ఆశో, గీతలున్న గిటార్‌నే ఎందుకు తెప్పించుకున్నాడో వీరేందర్ ఎప్పుడూ ఆలోచించలేదు. శైలజ వేలు ఆ గీత మీద ఆగినప్పుడు మాత్రం దొరికిపోయినట్టు అనిపించింది.

వానలు ఇంకా తగ్గకముందే ఆమె షాపు గుమ్మంలో నిలబడింది. తల మీద చున్నీ తడిసింది. గిటార్ మాత్రం పాలిథిన్ కవర్‌లో పొడిగా ఉంది.

"మోగుడు బందయింది అన్నా. యాదగిరన్న నీ పేరే చెప్పిండు."

"అన్నా అనకు."

"మరేమనాలె? మేస్త్రీ అనాల్నా?"

"ఏం అనకపోయినా మంచిదే."

"సరే, ఏం అననన్నా."

అతను నవ్వు దాచుకుంటూ గిటార్ విప్పాడు. తీగల కింద ఒక నల్లటి ముక్క ఉంటుంది, పికప్. దానిలోని అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ అదిరితే ఆ అదురును పట్టుకుని స్పీకర్‌కు పంపేది అదే. మీటర్ పెట్టి చూశాడు. లోపల తీగ ఎక్కడో తెగింది.

"కొత్త పికప్ తెప్పియ్యనా? పాత సౌండ్ లెక్కనే ఉంటదని రాస్తున్నరు."

"లెక్కనే ఉండేది నాకెందుకు?" అంది శైలజ. కాసేపు రోడ్డు మీద పడుతున్న వానను చూసింది. "బాపు పోయి నాలుగేండ్లాయె. బాలరాజు అంటే మా చర్చిల అందరికీ ఎరికే, గీ గిటార్ తోని. ఇప్పుడు నేను వాయిస్తె మా అమ్మ నూలు కండెలు చుట్టుకుంట తల ఎత్తి చూస్తది. వాయించేది నేనేనని ఎరికే. అయినా చూస్తది. గా సౌండ్ పోవద్దు."

"పోదు. నేనే చుడ్త."

"వస్తదా?"

"దినాం చుట్టుడే గదా నా పని."

"నువ్వు చుట్టేటియి ఐదు హెచ్‌పీ మోటర్లు."

"కాయిల్ ఏదైనా కాయిలే."

కాలిన మోటర్ లోపల తీగ ఎక్కడ తెగిందో ఎవరూ వెతకరు. పాత తీగంతా కోసి, పీకి, పాత రాగి బుట్టలో పడేసి కొత్తది ఎక్కిస్తారు. వీరేందర్ చెయ్యి ఆ అలవాటు ప్రకారమే పోయింది. పాత తీగను కోసేశాడు. కొత్త తీగను వరస మీద వరస, ఒక్క చుట్టు పక్కకు జరగకుండా ఎక్కించాడు. మోటర్‌కు చేసినట్టే వార్నిష్‌లో ముంచి, బల్బు వేడికి ఆరబెట్టాడు. ఏ మోటర్‌నూ అంత ముద్దుగా చుట్టలేదు. తన చేతి పని ఇక ఆ గిటార్ లోపల, ఆమె గుండెకు ఆనుకుని ఉంటుందన్న ఊహ అతన్ని ఈల వేయించింది.

ఆమె గిటార్ తీసుకుపోవడానికి వచ్చిన రోజు షాపులో రెండు మోటర్లు టెస్టింగ్‌లో గోల పెడుతున్నాయి. బస్సుకు టైమయింది. తీగ మీటి, మోగుతోందని చూసుకుని, "పార్టీ ఇస్త అన్నా" అని నవ్వుతూ పరుగెత్తింది.

మర్నాడు ఫోన్ చేసింది.

"మోగుతున్నదా?" అన్నాడు ఆత్రంగా.

"మోగుతున్నది. మా అమ్మ తల ఎత్తలే."

అతను టెస్టింగ్‌లో ఉన్న మోటర్ స్విచ్ ఆపేశాడు.

"రేడియోల వాయించినట్టున్నది. శుద్ధంగున్నది. ఎవ్వలదీ కాదు. పాత తీగ ఏది?"

"స్క్రాప్‌ల పోయింది."

"తెగిన జాగ ఎతికినవా? అంటుకునేదేమో?"

ఎతికిన అని చెప్పడం సులువే. ఆమెకు తెలిసే దారి లేదు. కానీ ఆ గొంతు ముందు అతనికి అబద్ధం నోరు దాటలేదు.

"ఎతకలే."

"మంచిది వీరేందర్," అని ఫోన్ పెట్టేసింది.

అన్నా అనలేదు. ఆ మార్పు కోసమే కదా అతను ఎదురుచూసింది. అది ఇలా వస్తుందనుకోలేదు.

తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు. కోరుట్ల పెళ్లిళ్లకు రెండో గిటార్‌గా ఇంకెవరో వచ్చారు. వీరేందర్ పాట మధ్యలో కూడా గేటు వైపే చూసేవాడు.

"ఏందిరా, ఆ గేటును గట్ల చూస్తున్నవ్? కొంటవా?" అన్నాడు యాదగిరి.

"నువ్వు డ్రమ్ములు కొట్టు."

"నేను కొడుతూనే ఉన్న. నువ్వే ఎక్కడ్నో ఉన్నవ్."

మిగిలిన వానాకాలమంతా అతను ఆ బొంగురు స్వరాన్ని మనసులో మళ్లీ వినడానికి ప్రయత్నించాడు. స్వరం రాలేదు. ఎగరేసిన కనుబొమ్మ వచ్చింది, తడిసిన చున్నీ వచ్చింది. తన గిటార్‌ను తీసి చూస్తే ఆ ఫ్యాక్టరీ గీతలు మరొకరి పచ్చబొట్టులా ఉన్నాయి. అప్పుడు మెల్లగా ఒక సంగతి తెలిసొచ్చింది. తెగిన చోటును వెతకకపోవడానికి అలవాటొక్కటే కారణం కాదు. చనిపోయిన ఆ మనిషిని చూసి తాను అసూయపడ్డాడు. ఆ గిటార్‌లో అంత చోటు ఆక్రమించుకున్న బాలరాజును కొంచెం పక్కకు జరిపి తాను కూర్చోవాలనుకున్నాడు. జరపబోయి ఖాళీ చేసేశాడు.

ఒక ఆదివారం, సన్న తీగ చుట్ట ఒకటి సంచిలో వేసుకుని సిరిసిల్ల బస్సెక్కాడు.

వీధి పొడుగునా మరమగ్గాల చప్పుడు. ఇంటి ముందు రేకుల కింద శైలజ తల్లి బాలమణి పాత రాట్నం ముందేసుకుని కూర్చుంది. మగ్గానికి పెట్టే చిన్న కర్రపుల్లలకు నూలు చుడుతోంది, అవే కండెలు. శైలజ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"ఎందుకచ్చినవ్?"

"చెప్పుదామని. తెగిన జాగ ఎతకాల్సుండే. నా చెయ్యి అందుల ఉండాలెనన్న ఆశతోని ఎతకలే. తప్పు నాది."

"అయిపోయిందిగా చెప్పుడు. బస్సు ఉన్నది."

"శైలూ," అంది బాలమణి రాట్నం ఆపకుండా. "కూసోమను. గా ముక్క పట్టుకరా, చూద్దాం."

శైలజ పికప్ విప్పి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. బాలమణి దాన్ని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"మస్తు చుట్టినవ్ పిలగా. బొమ్మ లెక్క ఉన్నది. గింత ఒక్క తీరుగ ఎవలు చుడ్తరు? మనిషి చెయ్యి అన్నంక జర అటిటు పోతది." రాట్నం చక్రాన్ని తడిమింది. "నాది మస్తు పోయింది."

"నీదేంది?" అంది శైలజ.

"పెండ్లయిన కొత్తల మగ్గాల పనికి భీవండిల ఉంటిమి. మీ బాపు పాత బజార్ల గీ గిటార్ కొనుక్కచ్చిండు. అప్పటికే సచ్చి ఉన్నది. లోపలి తీగ మొత్తం కుళ్లిపోయింది. గీ రాట్నం మీదనే మేమే చుట్టినం. ఆయన తిప్పిండు, నేను తీగ పట్టిన."

శైలజ వచ్చి తల్లి పక్కన కూలబడినట్టు కూర్చుంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మీ బాపు గొంతు అనుకుంట వాయిస్తుంటివి. అనుకోనీ అనుకున్న. గదాంట్ల ఇద్దరం ఉంటిమి బిడ్డా. నేను తల ఎత్తింది ఊకెనే కాదు."

శైలజ కళ్లు తుడుచుకుంది. "ఇంకోపారి చుట్టు అమ్మా," అంది.

"నా కండ్లకు గీ తీగ అగుపడ్తదా?" బాలమణి వీరేందర్ వైపు తిరిగింది. "మీ ఇంట్ల ఎవలెవలుంటరు?"

"అమ్మ, నేను. నాయిన మస్కట్ల."

"మేము చర్చికి పోతం. మీ అమ్మకు ఎరికేనా?"

"చెప్పిన."

"ఏం చెప్పినవ్?" అంది శైలజ చటుక్కున. "చెప్పెటందుకు ఏమున్నది?"

వీరేందర్ తన చెప్పుల వైపు చూశాడు. "ఉన్నకాడికి చెప్పిన."

"ఏమన్నది మరి?" అంది బాలమణి.

"రెండ్రోజులు మాట్లాడలే. నిన్న మాత్రం, నిన్ను తిట్టిన పిల్ల మళ్ల ఫోన్ చేసిందా అని అడిగింది."

బాలమణి లేచి రాట్నం ముందు చోటిచ్చింది. "నువ్వు తిప్పు పిలగా. బిడ్డా, నువ్వు తీగ పట్టు. నేను అన్నం చూస్త," అని లోపలికి పోయింది.

తర్వాత అతను వార్నిష్‌తో బిగుసుకున్న తన చక్కటి చుట్లన్నీ తానే కోసి తీసేశాడు. ఈసారి ఆ పని నెమ్మదిగా చేశాడు. పికప్‌ను రాట్నం కదురుకు బిగించాడు. శైలజ తీగ కొసను రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. అది ఉందో లేదో వేళ్లకు తప్ప కళ్లకు తెలియదు.

"మెల్లగ," అంది. "మోటర్ కాదిది."

చక్రం తిరిగింది. ఆమె చెయ్యి అటొక వెంట్రుక, ఇటొక వెంట్రుక ఊగుతోంది. ఊపిరి బిగబట్టి తీగనే చూస్తోంది.

"ఇది బాపు వాళ్లది లెక్క మోగదు," అంది చూపు తిప్పకుండానే.

"మోగదు."

"ఎట్ల మోగుతదో?"

"నాకు సుత తెల్వది."

ఇంకొన్ని చుట్లు. సన్న జల్లు రేకుల మీద మొదలయింది.

"మీ అమ్మకు చెప్పింది నాకు చెప్పలే," అంది శైలజ. "ఏమన్న చెప్పేదుంటె ఇప్పుడే చెప్పు. నేను తల ఎత్తను, తిట్టను. తీగ తెగుతది."

"నేను గిటార్ బాగు చేసెటందుకు రాలే."

"ఎరికే. గిటార్ బాగు చేసుడు నీకు రాదని జిల్లా మొత్తానికి ఎరికే."

"శైలూ."

"ఊఁ."

"కోరుట్లల నువ్వు నా గిటార్ మీద వేలు పెట్టినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నువ్వు ఫోన్ ఎత్తకపోతె షాపు తలుపు తీయబుద్ధి కాలే. నువ్వంటె నాకు ప్రేమ. నువ్వు ఏమన్న అను. అన్నా అని మాత్రం అనకు."

ఆమె తల ఎత్తింది. మాట మీద నిలబడదామనే అనుకుంది, కానీ ఎత్తింది. నవ్వుతో తడిసిన ఆ కళ్లను చూసి అతని చెయ్యి చక్రాన్ని ఒక్కసారిగా తిప్పేసింది. తీగ టప్పున తెగింది.

"అయ్యో! నువ్వే గుంజినవ్!"

"నువ్వే తల ఎత్తినవ్!"

"నేను ఎత్తితె నువ్వు ఆపాలె గదా!"

"ఎట్ల ఆపాలె? గట్ల చూస్తె!"

లోపలి నుంచి గిన్నె మూత చప్పుడు, దాని వెనక బాలమణి గొంతు వినిపించాయి.

"తెగితె అతికిచ్చుకోండ్రి. గింత లొల్లి ఎందుకు? మేము సుత మస్తుసార్లు తెంపినం."